పదహారేళ్ళ సారథులు – ఆదివారపు గురువులు



‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అనే పలుకుబడిని ముప్పైయేళ్ళకు పైగా తరగతి గదులలో వివరించినవాణ్ణి. విరాటపర్వంలో ఆ రాకుమారుడు కౌరవసేనను కంటితో చూడకముందు, అంతఃపురంలో స్త్రీల నడుమ కూర్చుని, తగిన సారథి ఒక్కడు దొరికితే చాలునన్నట్లు బీరాలు పలుకుతాడు. తీరా సేన కనబడగానే రథం దిగి పరుగు లంకించుకొంటాడు. పిల్లలు అంతవరకు విని నవ్వేవారు. నేనూ అక్కడితో పలుకుబడి పాఠం ముగించేవాణ్ణి. ఆ తరువాతి ముచ్చటను పెద్దగా పట్టించుకోలేదు. అర్జునుడు ఆ కుర్రవాణ్ణి వెంబడించి పట్టుకొని, తిట్టి పంపివేయక, పగ్గాలు అతని చేతికే ఇచ్చి, తాను అదే రథం మీద నిలబడతాడు. భయపడిన బాలుని చేతనే రథం తోలిస్తాడు.

ఈ ఘట్టం నాకు మళ్ళీ జ్ఞాపకం వచ్చినది అమెరికాలో, ఒక విశాలమైన పార్కింగు స్థలం అంచున మడతకుర్చీలో కూర్చుని ఉండగా. 2019లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మనవడికి పదహారు నిండి కారు లైసెన్సు చేతికి వచ్చిన రోజులవి. ఒక ఆదివారం పొద్దున్నే తల్లీతండ్రీ వాణ్ణి బలవంతాన లేపి అక్కడికి తీసికొనిపోతూ నన్నూ రమ్మన్నారు. “ఇది డ్రైవింగ్ స్కూలు కాదు మావయ్యగారూ, కారు నడపడం వచ్చిందనుకొన్నవాళ్ళకే ఇక్కడ పాఠం” అన్నాడు అల్లుడు. ఆ ‘అనుకొన్న’ అన్నమాటను వాడు వెనక సీటులోనుంచి విని ముఖం ముడుచుకొన్నాడు.

స్థలమంతా నారింజ రంగు కోన్లు వరుసలు తీర్చి ఉన్నాయి. ఒక మూల నీళ్ళ బండి తారునేలను తడుపుతున్నది. పాతికమందికి పైగా పిల్లలు, తమ తమ ఇంటి కార్లతోనే వచ్చారు. ప్రతి కారులోనూ పక్క సీటులో ఒక గురువు. ఆ గురువులలో నెరసిన గడ్డాలవారున్నారు, పిల్లల తల్లి వయసు స్త్రీలున్నారు, ఎండకు కమిలిన ముఖాల కుర్రవాళ్ళున్నారు. వారిలో ఒక పెద్దాయనను, నాకు వచ్చిన ఇంగ్లీషులో, జీతమెంత ఇస్తారని అడిగాను. (మనకు ఇటువంటివి అడగడం తప్పనిపించదు గదా!) “మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్ పెడతారు” అని నవ్వాడు.

సెలవురోజు మానుకొని, ఎవరి పిల్లలో తెలియని పిల్లల పక్కన, వారు బండి జార్చి తిప్పుతుంటే కూర్చోవడానికి ఇంతమంది ఎందుకు వస్తారు? ఈ పని ఎక్కడ మొదలైనది? తిరిగి వచ్చిన తరువాత నెలల తరబడి ఆ వెదుకులాటలో పడ్డాను. చదివినకొద్దీ ఉపాధ్యాయవృత్తిలో జీవితం గడిపినవాడికి మింగుడుపడని సంగతులు కొన్ని బయటపడ్డాయి. ఈ టపా వాటి గురించే. కాస్త పొడవైనది, ఓపిక పట్టవలెను.

అమెరికా ఉన్నత పాఠశాలలలో కారు పాఠాలకు ఆద్యుడుగా అందరూ చెప్పుకొనేది ఏమస్ నేహార్ట్ అనే అధ్యాపకుణ్ణి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఊరు ఉన్నది, దాని పేరే ‘స్టేట్ కాలేజ్’. కళాశాల చుట్టూ పెరిగి కళాశాల పేరే పెట్టుకొన్న ఊరు. నేహార్ట్ ఆ కళాశాలలో బోధించేవాడు. 1933–34 ప్రాంతంలో అతడు ఆ ఊరి ఉన్నత పాఠశాల పిల్లలకు కారు నడపడం నేర్పడం మొదలుపెట్టాడు. అందుకు ప్రభుత్వపు బండి ఏదీ లేదు. 1929 నాటి గ్రాహం-పెయిజ్ అనే తన సొంత కారునే పిల్లల చేతికిచ్చాడు. అమెరికా ఆర్థికంగా చితికిపోయి ఉన్న రోజులవి. కారున్నవాడు దానిని కంటికి రెప్పలా చూసుకొనే కాలంలో, క్లచ్ వదలడం తెలియని పిల్లలకు దానిని అప్పగించడం మాటలు కాదు.

ఆనాడు అమెరికాలో ఏటా ముప్పైవేలకు పైగా జనం రోడ్ల మీద చనిపోతున్నారు. కారు నడపడం తండ్రో, అన్నో, కారు అమ్మినవాడో నేర్పేవారు. వాళ్ళకు వచ్చిన దోషాలన్నీ శిష్యులకూ సంక్రమించేవి. గురుముఖతః కాని చదువు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. నేహార్ట్ చేసినదల్లా దానినొక పాఠ్యక్రమంగా తీర్చడం: ముందు తరగతి గదిలో సిద్ధాంతం, తరువాత రోడ్డు మీద అభ్యాసం. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ – ఆ దేశపు కారు యజమానుల సంఘం – ఈ ఆలోచనను అందిపుచ్చుకొని దేశమంతటా వ్యాపింపజేసింది. 1930లలోనే ఆ సంఘం వెలువరించిన పాఠ్యగ్రంథం పేరు ‘స్పోర్ట్స్‌మన్‌లైక్ డ్రైవింగ్’. ‘క్రీడామర్యాదతో వాహనచోదనం’ అని తెలిగించుకోవచ్చు. ఆ పేరు నాకు బాగా నచ్చింది. నైపుణ్యం కన్న మర్యాద ముందు అన్న ధోరణి ఆ పేరులోనే ఉన్నది.

యుద్ధానంతరం ఈ విద్య మర్రి ఊడల్లా విస్తరించింది. బడిలో కారు నేర్చుకొన్న పిల్లలకు బీమా కంపెనీలు రుసుములో తగ్గింపు ఇచ్చాయి. బడులవెలుపల కూడా స్వచ్ఛందంగా పనిచేసినవారున్నారు. జేసీలు అని పిలిచే జూనియర్ చాంబర్ ఆఫ్ కామర్స్ యువకులు 1950లలో ‘టీనేజ్ రోడియో’ అనే పోటీలు నడిపారు. పశువులకాపరుల రోడియోకు ఇది శ్లేష. గుర్రానికి బదులు కారు. ఊరూరా పిల్లలు గుర్తుల మధ్యనుంచి కారును తప్పించుకొంటూ, గీత మీద ఆపుతూ ప్రావీణ్యం చూపేవారు. గెలిచినవారికి బహుమతులు. ఇంకొకవైపు, పాత కార్లకు బలమైన ఇంజన్లు తగిలించి ఊరి రోడ్ల మీద పందేలు వేసుకొనే ‘హాట్ రాడ్’ కుర్రకారును అదుపులో పెట్టడానికి వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. పందెం వేస్తే వేయండి, ఊరి రోడ్డు మీద కాదు, మేము చూపిన బాట మీద నియమాలకు లోబడి వేయండి అన్నది దాని సారాంశం. నేను పార్కింగు స్థలంలో చూసిన గురువులకు వంశవృక్షం గీస్తే, ఒక కొమ్మ నేహార్ట్ దగ్గరకు, ఒక కొమ్మ జేసీల దగ్గరకు, ఒక కొమ్మ ఈ పందెపురాయుళ్ళ దగ్గరకు పోతుంది.

ఇక్కడినుంచి కథ అడ్డం తిరిగింది.

1966లో అమెరికా కాంగ్రెసు రోడ్డు భద్రతపై రెండు పెద్ద చట్టాలు చేసింది. అంతకు ముందు సంవత్సరమే రాల్ఫ్ నాడర్ గ్రంథం కార్ల తయారీదారుల నిర్లక్ష్యాన్ని ఎండగట్టి ఉన్నది. కొత్తగా ఏర్పడిన భద్రతా కార్యాలయానికి తొలి అధిపతి విలియం హాడన్, వృత్తిరీత్యా వైద్యుడు, అంటురోగాల వ్యాప్తిని లెక్కగట్టే పద్ధతిలో ఆరితేరినవాడు. ‘మీరు ఇన్నేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నారు గదా, దానివల్ల ప్రమాదాలు తగ్గినట్లు ఋజువేది?’ అన్నది ఆ తరంవారు తెచ్చిన ప్రశ్న. బడిలో కారు నేర్చినవారికి ప్రమాదాలు తక్కువన్న లెక్కలు అప్పటికి ఉన్నాయి. కాని ఆ తరగతులలో చేరేవారు ముందునుంచే బుద్ధిమంతులేమో? మంచి పిల్లలు చేరి మంచి మార్కులు తెచ్చుకొంటే అది బడి గొప్పతనమా, పిల్లల గొప్పతనమా? ప్రతి ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మన బడులు వేసుకొనే పటాటోపాన్ని తలచుకొంటే ఈ ప్రశ్న ఎంత చురుకైనదో తెలుస్తుంది.

దీనిని తేల్చడానికి జార్జియా రాష్ట్రంలోని డికాబ్ కౌంటీలో 1970ల చివర ఒక మహాప్రయోగం జరిగింది. పదహారువేల మంది పిల్లలను చీట్లు తీసినట్లు మూడు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి అప్పటికి మానవమేధకు తోచిన అత్యుత్తమ శిక్షణ, సుమారు డెబ్బై గంటలు: తరగతి పాఠం, నకిలీ కారు యంత్రం మీద అభ్యాసం, ప్రత్యేక మైదానంలో చోదనం, ఆపదలో కారును తప్పించే విన్యాసాలు, రోడ్డు మీద నడక. రెండవ వర్గానికి లైసెన్సు పరీక్ష గట్టెక్కడానికి చాలినంత మాత్రమే. మూడవ వర్గానికి బడిలో ఏమీ నేర్పలేదు. ఇంట్లోనో, బయటనో నేర్చుకొన్నారు. తరువాత వారి ప్రమాదాలనూ ఉల్లంఘనలనూ కొన్నేళ్ళు లెక్కించారు.

1983లో ఫలితాలు వెలువడ్డాయి. శిక్షణ పొందినవారికి లైసెన్సు వచ్చిన తొలి నెలల్లో కొంచెం మేలు కనబడింది. ఆ తరువాత తేడా చెరిగిపోయింది. 1986లో వేరొక పరిశోధక బృందం ఆ లెక్కలనే తిరగవేసి మరింత చేదైన సంగతి చెప్పింది. డెబ్బై గంటల వర్గంవారు మిగిలినవారి కన్న ముందుగా లైసెన్సులు సంపాదించి రోడ్డెక్కారు. ముందుగా ఎక్కినందున ముందుగా గుద్దుకొన్నారు. చదువు వారిని రక్షించకపోగా, ప్రమాదం దగ్గరకు తొందరగా చేర్చింది. 1980లలో బడులకు నిధులు ఆగిపోతున్నప్పుడు ఈ ప్రయోగాన్నే సాకుగా చూపారు. ఎన్నో పాఠశాలలలో కారు పాఠాలు మూతపడ్డాయి. నేహార్ట్ 1990 వరకు జీవించి ఉన్నాడు. తన చేతిమీదుగా లేచినది తన కళ్ళముందే కూలడం చూశాడన్నమాట.

ఇక చేయి తిరిగిన నిపుణుల సంగతి. 1974లో అమెరికా హైవే భద్రతా బీమా సంస్థకు చెందిన విలియమ్స్, ఓనీల్ అనే పరిశోధకులు, కారు పందేలలో పాల్గొనడానికి లైసెన్సు పొందినవారి మామూలు రోడ్డు చరిత్రను పరిశీలించారు. ఫ్లారిడా, న్యూయార్క్, టెక్సస్ రాష్ట్రాలలో, అదే వయసు మామూలు చోదకులతో పోల్చి చూశారు. స్టీరింగు మీద అంత పట్టున్నవారికి ప్రమాదాలు తక్కువ ఉండవలెను గదా? అధికంగా ఉన్నాయి. వేగపు ఉల్లంఘనలు మరీ అధికం. మా కోనసీమ కాలువగట్ల ఊళ్ళలో పెద్దలు ఈత రానివాడి గురించి అంతగా బెంగపడేవారు కాదు, వాడు నీళ్ళలోకి దిగడు గనుక. వరద గోదారికి ఎదురీదుతానని పందెం కాసే గజ ఈతగాడి గురించే ఇంటిల్లిపాదీ గుండెలు అరచేత పెట్టుకొనేవారు.

నార్వేలో 1979నుంచి కొత్త చోదకులందరికీ రెండవ విడత శిక్షణ తప్పనిసరి చేశారు. మంచు దేశం గనుక జారుడు నేల మీద కారును నిలదొక్కుకోవడం అందులో ముఖ్యభాగం. దశాబ్దం తిరగకముందే లెక్క చూస్తే, యువకులలో జారుడు రోడ్ల మీది ప్రమాదాలు పెరిగాయి. జారితే సర్దుకోగలననే ధీమా, జారేటంత వేగాన్ని ఇచ్చింది.

వీటన్నిటిలో నా మనసుకు అతుక్కుపోయినది స్వీడన్ ముచ్చట. నిల్స్ పెట్టర్ గ్రెగర్సెన్ అనే పరిశోధకుడు 1996లో ప్రచురించాడు. చిన్న ప్రయోగమే, యాభైముగ్గురు అభ్యాసకులు, అరగంట శిక్షణ. జారుడు నేల మీద బ్రేకు వేయడం, అడ్డువచ్చినదానిని తప్పించడం. ఒక జట్టుకు ఆ విన్యాసాన్ని బాగా చేయడం నేర్పారు. చేస్తూ చేస్తూ మెరుగుపడేటట్లు తీర్చారు. రెండవ జట్టుకు అదే నేల మీద, ఆ విన్యాసం ఒకసారి కుదిరి ఇంకొకసారి కుదరదని, తమ చేతి పనిని నమ్ముకోవడానికి లేదని అనుభవానికి తెచ్చారు. వారం తరువాత ఇద్దరినీ పరీక్షించారు. నిజమైన సామర్థ్యంలో ఇరు జట్లకు తేడా లేదు. తేడా అంతా తమ గురించి తాము వేసికొన్న అంచనాలో ఉన్నది. మొదటి జట్టువారు తమకు ఎక్కువ వచ్చిందనుకొన్నారు.

దీనిని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. ఒకే నేల, ఒకే కారు, ఒకే అరగంట. గురువు దేనిని గెలుపు అని చూపాడో, దేనిని ఓటమి అని చూపాడో, అంతే తేడా. ముప్పైయేళ్ళు ఛందస్సు చెప్పాను. గణవిభజన వచ్చినవాడి వీపు తట్టి, నీకు పద్యం వచ్చేసిందిరా అన్నాను. ఎందరిచేత ఉత్తరకుమార ప్రగల్భాలు పలికించానో! అదృష్టవశాత్తు యతి తప్పితే ఎవరూ చచ్చిపోరు.

బడి పాఠాలు పలచబడిన తరువాత ప్రభుత్వాలు వేరొక దారి పట్టాయి. లైసెన్సును ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా ఇవ్వడం. 1987లో న్యూజిలాండు మొదలుపెట్టింది. అమెరికాలో 1996లో ఫ్లారిడా అనుసరించింది. తరువాత ఒక్కొక్కటిగా అన్ని రాష్ట్రాలూ. పెద్దల పర్యవేక్షణలో కొన్ని నెలలు నడపాలి; తరువాత కూడా కొంతకాలం రాత్రిపూట నడపరాదు; ఈడువారిని ఎక్కించుకొని తిరగరాదు. ఈ చివరి నియమం పెద్దలకు చాదస్తంలా కనబడవచ్చు గాని, పదహారు పదిహేడేళ్ళ చోదకుడి కారులో స్నేహితులు ఒక్కొక్కరు పెరిగినకొద్దీ ప్రాణాపాయం పెరుగుతుందని 2000లో వైద్యపత్రికలోనే లెక్కలతో వచ్చింది. కారు ప్రమాదాలలో చనిపోయే కౌమారవయస్కులు 1975లో ఎనిమిదిన్నరవేలకు పైగా ఉండగా, 2010ల మధ్యనాటికి ఏటా మూడువేల లోపునకు దిగారు. అందులో సీటు బెల్టులకు, ఎయిర్‌బ్యాగులకు, మంచి కార్లకు, తాగుడు చట్టాలకు కూడా వాటా ఉన్నది. అయినా అంచెల లైసెన్సు వాటా చిన్నది కాదని పరిశోధకుల మాట. ఇందులో నేర్పడమన్నది పెద్దగా లేదు. ఆపి ఉంచడమే ఉన్నది.

నేర్పినా లాభం లేదని అందరూ చేతులు దులుపుకొంటున్న ఆ కాలంలోనే కొందరు మళ్ళీ కోన్లు చేతబట్టారు. 2002లో అమెరికాలోని బీఎండబ్ల్యూ కార్ల అభిమానుల క్లబ్బుకు అనుబంధమైన ఫౌండేషన్ ‘స్ట్రీట్ సర్వైవల్’ అనే ఒక్కరోజు పాఠశాలను ప్రారంభించింది. టైర్లు అమ్మే టైర్ ర్యాక్ సంస్థ దానికి ప్రధాన పోషకురాలైంది. స్పోర్ట్స్ కార్ క్లబ్బువారూ చేయి కలిపారు. దేశంలోని క్లబ్బు శాఖలు ఎక్కడికక్కడ ఖాళీ పార్కింగు స్థలాలు సంపాదించి నడుపుతాయి. గురువులంతా సభ్యులైన స్వచ్ఛంద సేవకులు. వీరిలో చాలామంది ఆటవిడుపుగా పందెపు బాటల మీద కారు తోలేవారే. 1974 నాటి పరిశోధన ఎవరిని వేలెత్తి చూపిందో, వారి జాతివారే పిల్లల పక్కన కూర్చున్నారన్నమాట! నాకు మొదట ఇది నవ్వు తెప్పించింది. తరువాత ఆలోచిస్తే, కారు ఎక్కడ మాట వినడం మానేస్తుందో చూసి వచ్చినవాడికి కాక ఆ సరిహద్దు ఇంకెవరికి తెలుస్తుంది?

మనవడి కారు కూడా ఆనాడు తడినేల మీద గుండ్రంగా తిరిగింది. మెల్లమెల్లగా వేగం పెంచమన్నారట. ఒక వేగానికి వచ్చేసరికి స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోయింది. ఇంకా తిప్పాడు, ఇంకా పోయింది. పక్కనున్న పెద్దాయన తన అరచేయి చాచి చూపాడట. నాలుగు టైర్లలో ఒక్కొక్కటీ నేలను తాకేది ఈ అరచేయంత మేరనే. ఆ పట్టునుంచే మలుపుకు కావలసింది తీసికోవాలి, బ్రేకుకూ తీసికోవాలి. ఒకదానికి పూర్తిగా ఖర్చుపెడితే రెండవదానికి మిగలదు. సంసారం చేసినవారికి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు.

తరువాత బ్రేకు పాఠం. ప్రాణం మీదికి వచ్చినట్లు తొక్కమన్నారు. పిల్లలలో చాలామంది తొక్కలేకపోయారు! నాన్న పక్కన కూర్చుని “మెల్లిగా, మెల్లిగా” అని నేర్పిన పాదం అది. రెండు మూడు సార్లు గద్దించిన తరువాత గట్టిగా తొక్కితే, యాంటీ లాక్ బ్రేకు పనిచేయడం మొదలుపెట్టి పెడలు పాదం కింద టకటకమని అదిరింది. మావాడు ఏదో విరిగిందనుకొని పాదం తీసివేశాడు. సరిగ్గా తీయకూడని క్షణంలో! బ్రేకును కొట్టి కొట్టి వదలమని పాత కార్ల కాలంలో నేర్చుకొన్న తండ్రులు, ఆ మాటనే కొత్త కార్ల పిల్లలకు చెబుతున్నారని ఆయన వాపోయాడు. మన అమెరికా తెలుగు ఇళ్ళలో ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువేమో. అల్లుడు ఇరవై ఆరో ఏట అక్కడికి వెళ్ళి, గదిలో ఉండే మిత్రుడి దగ్గర కొద్ది వారాలలో కారు నేర్చి ఉద్యోగానికి వెళ్ళినవాడు. తండ్రినుంచి కొడుక్కు అందే చోదనసంపద ఆ ఇంట్లో ఒక్క తరానిదే.

కోన్ల మధ్యనుంచి కారు తిప్పడమనే పాఠంలో “కోనును చూడకు, నీవు వెళ్ళవలసిన చోటును చూడు” అని పదేపదే కేకలు వినబడుతున్నాయి. నా పన్నెండో ఏట, గంటకు ఇంత అని అద్దె సైకిలు తెచ్చి తొక్కుతుంటే, వెనక సీటు పట్టుకొని పరుగెత్తుతూ మా పెద్దన్నయ్య “ఒరేయ్, చక్రం చూడకు, దూరం చూడరా” అని అరిచేవాడు. చక్రాన్నే చూసి కాలవలో పడ్డాను. ఆ కుర్చీలో కూర్చుని నాలో నేనే నవ్వుకొన్నాను.

ఒక పెద్ద ట్రక్కును నిలిపి ఉంచి, పిల్లలను ఒక్కొక్కరినే డ్రైవరు సీటు ఎక్కించారు. అద్దాలలో చూడమన్నారు. ట్రక్కు చుట్టూ నిలిపిన కార్లు ఒక్కటీ ఆ అద్దాలలో కనబడలేదు. ఆ సీటు దిగి వస్తున్న ఒక పిల్ల ముఖం నాకు ఇంకా గుర్తున్నది.

నేను ప్రత్యేకంగా గమనించినది ఇంకొకటి. గురువులు పిల్లలను గెలిచిన చోట ఆపలేదు. రోడ్డు మీద హఠాత్తుగా అడ్డు వస్తే పక్కకు తప్పించే పాఠంలో, ఒక వేగంతో చక్కగా తప్పించినవాడిని ఇంకొంచెం వేగంతో రమ్మన్నారు. మళ్ళీ ఇంకొంచెం. కోన్లు ఎగిరిపడేదాకా! మా మనవడు పడగొట్టిన కోను కారు కిందికి పోయి ఇరుక్కొన్నది. గురువు దిగి, వంగి, దానిని బయటికి లాగి, వాడి కిటికీ దగ్గరకు తెచ్చి చూపించాడు. “దీనికి ఎత్తు ఎంతున్నదో చూడు. మూడేళ్ళ పిల్లవాడు ఇంతే ఉంటాడు” అన్నాడట. వాడు మధ్యాహ్నం భోజనం సరిగా తినలేదు. వాళ్ళ అమ్మ కంగారుపడింది గాని, నేను ఊరుకోమన్నాను. ఆ గురువు గ్రెగర్సెన్‌ను చదివాడో లేదో తెలియదు, అతని రెండవ జట్టు పాఠాన్నే చెప్పాడు.

ఇటువంటిదే ఇంకొక సంస్థ పుట్టుక మరింత బరువైనది. డగ్ హెర్బర్ట్ అనే ప్రసిద్ధ డ్రాగ్ రేసరు – పైన చెప్పిన హాట్ రాడ్ సంఘపు పందేలలో, అన్నిటికన్న వేగవంతమైన తరగతిలో పోటీచేసినవాడు – 2008 జనవరిలో ఉత్తర కరోలినాలో జరిగిన ఒకే కారు ప్రమాదంలో తన ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకొన్నాడు. పెద్దవాడికి పదిహేడు, చిన్నవాడికి పన్నెండు. కన్ను మూసి తెరిచే లోపల పావుమైలు దాటించే వేగాన్ని అదుపు చేయగల తండ్రి! ఆ ఏడాదే అతడు ‘బ్రేక్స్’ అనే స్వచ్ఛంద సంస్థను నెలకొల్పి, వేరేవారి పిల్లలకు ఈ పాఠాలే ఉచితంగా నేర్పించే ఏర్పాటు చేశాడు. అక్కడ పిల్లలతోబాటు తల్లినో తండ్రినో కూడా కూర్చోబెడతారు. ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఇన్ని చెప్పి, అసలు ప్రశ్నను దాటవేస్తే న్యాయం కాదు. ఈ ఆదివారపు బడుల వల్ల ప్రమాదాలు తగ్గుతాయా? తగ్గాయని నిర్వాహకులు నమ్ముతారు. కాని హాడన్ తరంవారి ప్రశ్న ఇక్కడా అట్లాగే నిలబడి ఉన్నది. ఆదివారం పొద్దున్నే పిల్లవాణ్ణి లేపి తీసికొని వచ్చే తల్లిదండ్రులు అంతకు ముందే జాగ్రత్తపరులు. చీట్లు తీసి విడదీస్తే గాని బడి గొప్పతనమో, ఇంటి గొప్పతనమో తేలదు. పైగా 2003లో రెండువేలకు పైగా కౌమార ప్రమాదాలను విడదీసి చూసిన ఒక అధ్యయనం, వాటిలో చాలా భాగం కారు అదుపు చేయలేక జరిగినవి కావని చెప్పింది. దుడుకుతనంతో జరిగినవీ తక్కువేనట. చూడవలసినవైపు చూడకపోవడం, పరధ్యానం, పరిస్థితికి మించిన వేగం – ఇవే కారణాలు. 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారులోనూ జారకుండా తనంత తానే సర్దుకొనే యంత్రాంగం తప్పనిసరి అయినది గనుక, జారుడు విద్య అవసరం ఇంకా తగ్గి ఉంటుంది. ఈ వాదాలు నాకు సబబుగానే తోస్తున్నాయి. కారును తిప్పడం నేర్పుతున్నామని చెప్పుకొనే బడికి నేనైతే పిల్లవాణ్ణి పంపను. తిప్పలేని చోటు ఒకటున్నదని చూపే బడి అయితే పంపుతాను. రెండు బడులలోనూ అవే కోన్లు, అవే నీళ్ళు ఉంటాయి గనుక, బయటినుంచి చూసి పోల్చుకోవడమే కష్టం.

సాయంత్రం గురువులు కోన్లను ఒకదానిలో ఒకటి దూర్చి ట్రక్కులోకి ఎక్కిస్తుంటే మావాడూ వెళ్ళి సాయం పట్టాడు. ఇంటికి వాడే తోలాడు. దారిలో ముందున్న కారుకూ మాకూ నడుమ ఎంత ఎడం వదిలాడంటే, ఇద్దరు ముగ్గురు మధ్యలో దూరిపోయారు. అల్లుడు ఉండబట్టలేక “ఇట్లా అయితే ఇల్లు చేరినట్లే” అన్నాడు. వాడు బదులు చెప్పలేదు, మళ్ళీ అంత ఎడమూ వదిలాడు. అది ఎన్ని వారాలు నిలిచిందో మా అమ్మాయిని అడిగాను. నాలుగు వారాలు అన్నది.

అమెరికాలో ఉన్న మిత్రులు ఎవరైనా తమ పిల్లలను ఇటువంటి బడులకు పంపి ఉంటే, ఆ ఎడం వారి ఇంట ఎన్నాళ్ళు నిలిచినదో దయచేసి తెలియజేయగోరుతాను.